పెరటి దూరదర్శినికి చిక్కిన పాలవెల్లులు

పెండ్లినాటి రాత్రి అరుంధతీదర్శనము ఆచారముగా గల యిండ్లలో ప్రతి వధువు సప్తర్షిమండలమువైపు తలయెత్తి చూచినదే. వసిష్ఠుని ప్రక్క నొదిగియుండు ఆ చిన్నచుక్క కనబడినను, కనబడకున్నను, కనబడినదని చెప్పి తలవంచుకొనుట వాడుక. ఆ వసిష్ఠునకును, మండలపు తోకచివర నున్న మరీచికిని సమీపమున, మన కంటికి వట్టి చీకటిగా దోచు తావులలో రెండు మహానక్షత్రసముదాయములు కలవు. ఒక్కొక్కదానియందు వేలకోట్ల సూర్యులు వెలుగుచున్నారు. వాని వెలుగు మనలను చేరుటకు రెండుకోట్ల సంవత్సరములకు మించి పట్టును. అట్టివానిని ఛాయాచిత్రములుగా దీయుట కొండశిఖరములమీది పెద్ద వేధశాలల వారికే సాధ్యమని పలువురు తలంతురు. అది నిజము కాదు. ఇంటి పెరటిలోనో, డాబామీదనో చిన్న దూరదర్శినిని నిలుపుకొన్న సామాన్య గృహస్థులు నేడు దేశదేశములయందు ఆ పని చేయుచున్నారు.

సోదరీమణులలో ననేకులు దీనిని ధనవంతుల వేడుకగానో, పురుషుల వ్యాపకముగానో యెంచుచుందురు. ఈ విద్య యెట్లు పుట్టినదో, దానియందు స్త్రీల పాలెంతయో, నేడు దాని నెట్లు సాధించుచున్నారో విచారించినచో, ఇందు కావలసిన ముఖ్యసాధనము పెద్ద యంత్రము కాదనియు, కొంచెము కొంచెముగా గూడబెట్టు నోర్పనియు తేటపడును. ఆ సంగతిని నిరూపించుటకే మేమీ వ్యాసమును వ్రాయుచున్నాము.

పాలవెల్లి యన నేమి?

వినాయకచవితినాడు దేవుని తలపై పాలవెల్లి గట్టి, పండ్లను, కాయలను వ్రేలాడదీయుట మన యింటింట నున్న యాచారము. చీకటిరాత్రి ఆకాశమున నొక కొననుండి మరియొక కొనకు పాలు చల్లినట్లు కనబడు తెల్లని పట్టెకును మనవారు పాలవెల్లి యనియే పేరిడిరి. ఆ పట్టె మబ్బు కాదు; లెక్కకు మీరిన నక్షత్రముల గుంపు. మన సూర్యుడు నా గుంపులో నొకడు. మనము దానిలోపల నుండి చూచుటచే నది పట్టెవలె దోచుచున్నది. బయటనుండి చూడగలిగినచో, నడుమ నుబ్బి యంచులు పలుచనైన చక్రమువలె గనబడును.

ఇట్టి పాలవెల్లులు విశ్వమున మన దొక్కటియే కాదు. శాస్త్రజ్ఞులు గెలాక్సీలని పిలుచు నీ సముదాయములు అసంఖ్యాకములు. వానిలో మనకు చేరువనున్న పెద్దది ఆండ్రొమెడా. దీనిని మనదేశమున దేవయాని యనియు వ్యవహరించుచున్నారు. చేరువ యన్నమాటయేగాని, దాని దూరము 25 లక్షల కాంతిసంవత్సరములు. వెలుగు క్షణమునకు మూడులక్షల కిలోమీటర్లు పరుగెత్తును. అట్టి వెలుగు 25 లక్షల యేండ్లు ప్రయాణము చేసి మన కంటిని జేరుచున్నది. అది బయలుదేరినపుడు భూమిమీద మనవంటి మనుష్యజాతి యింకను పుట్టియుండలేదు.

చంద్రుడు లేని రాత్రి, దీపముల వెలుగు సోకని పల్లెలో, ఈ ఆండ్రొమెడాను వట్టికంటితోనే చూడవచ్చును. పారసీక దేశపు జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు అల్ సూఫీ క్రీ.శ. 964లో దీనిని చిన్నమబ్బుగా వర్ణించి తన గ్రంథమున నెక్కించెను. అప్పటినుండి తొమ్మిదివందల సంవత్సరములు దీనిని చూచినవా రందరికిని అది చిన్నమబ్బే. మంచి దూరదర్శినులు వచ్చినపిమ్మటను దాని నిజస్వరూపము కంటికి దొరకలేదు. ఏల?

కంటికిని ఫలకమునకును గల భేదము

మన కన్ను చూచిన వెలుగును దాచుకొనదు. క్షణకాలములో నొక చిన్నభాగముపాటు గ్రహించి, వెంటనే క్రొత్తచూపునకు సిద్ధమగును. ఇది నడచుటకును, పనిచేయుటకును మిక్కిలి యనుకూలమైన యేర్పాటు. కాని మసకగా నున్న వస్తువును గంటసేపు రెప్పవాల్పక చూచినను, మొదటి నిమిషమున గనబడినదానికంటె నెక్కువ కనబడదు. ఛాయాచిత్రఫలకము గుణము వేరు. దానిమీద బడిన వెలుగంతయు నిలిచిపోవును. మొదటి నిమిషపు వెలుగుపై రెండవ నిమిషపు వెలుగు చేరును. గంట గడచునప్పటికి, కంటికి శూన్యముగా దోచిన చోట రూపము తేలును. చూరునుండి జారు చినుకులు తెల్లవారునప్పటికి కాగును నింపునట్లే యిదియు.

అయినను ఒక చిక్కు కలదు. భూమి తిరుగుచుండుటచే ఆకాశము గంటకు 15 డిగ్రీల చొప్పున పడమరకు జరుగుచున్నట్లు కనబడును. దూరదర్శినిని కదలక నిలిపినచో నక్షత్రములు చుక్కలుగా గాక గీతలుగా పడును. కనుక దూరదర్శినిని భూమి యిరుసునకు సమానాంతరమైన యిరుసుమీద నమర్చి, గడియారపు యంత్రముచే ఆకాశముతో సమముగా ద్రిప్పవలెను. ఇందు వెండ్రుకవాసి తప్పినను చిత్రము చెడును. వెనుకటి దినములలో యంత్రమును నమ్మక, ప్రక్కనున్న చిన్న దూరదర్శినిలో నొక నక్షత్రముపై చూపునిలిపి, అది తొలగినప్పుడెల్ల చేతితో సరిదిద్దుచు, చలిలో గంటలకొలది కూర్చుండవలసి వచ్చెడిది.

లివర్పూలు దగ్గరి యొక తోట

ఫలకములు వాడుకలోనికి రాకమునుపు పాలవెల్లుల రూపమును చేతితో చిత్రించెడివారు. 1845లో ఐర్లండులోని బిర్ర్ కోటయందు రాస్ ప్రభువు 72 అంగుళముల దర్పణము గల మహాదూరదర్శినిని నిర్మించి, సప్తర్షిమండలపు తోకచివర సమీపమున నున్న యొక నీహారిక సుడిగుండమువలె తిరిగియున్నదని కనుగొని దాని రూపమును గీసెను. ఆ దూరదర్శినికయిన వ్యయమునకు ఆయన భార్య మేరీ తెచ్చిన పుట్టింటి యైశ్వర్యము ముఖ్యాధారమయ్యెను. మేరీ స్వయముగ ఛాయాచిత్రకళయందు ప్రవీణురాలు. ఆ మహాయంత్రమునకు ఆమె తీసిన చిత్రములు నేటికిని నిలిచియున్నవి.

సుడిగుండముల రహస్యమును ఫలకముపై నిలిపిన ఘనత మాత్రము ప్రభువులకు గాక యొక గృహనిర్మాతకు దక్కినది. ఐజక్ రాబర్ట్సు 1829లో వేల్సుదేశమున బుట్టెను. చిన్నతనముననే యిండ్లు కట్టు పనిలో శిష్యుడుగా జేరి, లివర్పూలు నగరమున నా వృత్తియందే ధనమార్జించెను. నడివయస్సు దాటిన పిమ్మట ఆయన దృష్టి యాకాశముపైకి మరలినది. 1885లో నగరమునకు చేరువనున్న మఘల్ అను గ్రామమున, తన యింటి తోటలో, 20 అంగుళముల దర్పణము గల దూరదర్శినిని నెలకొల్పెను. దాని నాయన డబ్లిను నగరమునందలి గ్రబ్ అను ప్రసిద్ధ శిల్పిచే చేయించెను. దానిని చూచుటకు గాక, కేవలము ఛాయాచిత్రములు దీయుటకే యాయన యుపయోగించెను.

1888 డిసెంబరు 29వ తేదీ రాత్రి ఆయన తీసిన ఆండ్రొమెడా చిత్రము ప్రపంచప్రసిద్ధము. గంటలకొలది ఫలకమును వెలుగునకు ఒడ్డగా, అంతవరకు మబ్బుగా దోచినది మడతలు మడతలుగా చుట్టుకొనిన చక్రముగా బయటపడినది. నడుమ ప్రకాశించు గోళము, దానిని చుట్టిన నల్లని పట్టెలు, అంచులవరకు విచ్చుకొనిన వెలుగుచుట్లు స్పష్టముగ గానవచ్చెను. అది క్రొత్త సూర్యకుటుంబము పుట్టుచున్న రూపమని ఆకాలపు పండితులు పలువురు భ్రమించిరి. వా రిచ్చిన యర్థము తప్పైనను, ఫలకము చూపినది సత్యమే. సత్యమును నిలిపి యుంచిన ఫలకము తరువాతివారు సరియైన యర్థమును తీయుటకు పనికివచ్చినది.

లివర్పూలు పరిసరముల ఆకాశము తన పనికి చాలదని గ్రహించి, రాబర్ట్సు 1890లో దక్షిణ ఇంగ్లండునందలి క్రోబరో కొండకు తరలిపోయి, అచ్చట తన యింటికి నక్షత్రక్షేత్ర మని యర్థమిచ్చు పేరు పెట్టుకొనెను. వేధశాలల వారుకాక, పెరటినుండి పనిచేసిన ఆయనకు 1895లో ఇంగ్లండునందలి రాజకీయ జ్యోతిశ్శాస్త్ర సంఘము వారు బంగారుపతక మిచ్చి గౌరవించిరి.

డొరోతియా చేసిన పని

ఇంతవరకు చెప్పినది పలుగ్రంథములలో దొరకును. మన సోదరీమణులు ముఖ్యముగ దెలిసికొనవలసినది దీని తరువాతి కథ.

డొరోతియా క్లుంప్కె 1861లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున జనించెను. చదువుకొఱకు యూరపునకు వచ్చి, పారిసు విశ్వవిద్యాలయమున గణితము నభ్యసించి, 1887లో పారిసు వేధశాలలో బ్రవేశించెను. శనిగ్రహపు వలయములనుగూర్చి సిద్ధాంతవ్యాసము వ్రాసి 1893లో డాక్టరు పట్టమును పొందెను. గణితశాస్త్రములయందు అచ్చట నా పట్టమును పొందిన మొదటి స్త్రీ యామెయే. ఆ కాలమున పలుదేశముల వేధశాలలు కలిసి ఆకాశమంతటిని ఛాయాచిత్రములుగా దీసి పటము తయారుచేయ బూనుకొనినవి. ఆ ఫలకములమీది నక్షత్రముల స్థానములను కొలుచుటకై పారిసు వేధశాలలో నొక శాఖ యేర్పడగా, దానికి డొరోతియా యధికారిణి యయ్యెను. 1899లో ఉల్కలను పరిశీలించుటకై బెలూనులో నాకాశమున కెగసిన సాహసియు నామెయే.

1896లో సూర్యగ్రహణమును చూచుటకు నార్వేకు బోయిన పండితబృందమున రాబర్ట్సును, ఆమెయు నుండిరి. ఆనాడు మబ్బు కమ్మి గ్రహణము కనబడలేదు. కాని వారి స్నేహమునకు నా ప్రయాణము కారణమైనది. 1901లో వారు వివాహము చేసికొనిరి. వరునకు 72, వధువునకు 40 ఏండ్లు. పారిసులోని పదవిని వదలి, ఆమె క్రోబరోలోని వేధశాలలో భర్తకు తోడ్పడసాగెను. మూడేండ్లు గడువకమునుపే, 1904లో, రాబర్ట్సు మరణించెను.

ఆయన విడిచిపోయిన గాజుఫలకములు పెట్టెలనిండ నుండెను. తీసినవాడు పోయినచో ఫలకముల గతి యేమగునో మన యిండ్లలోని పాత ఛాయాపటముల పెట్టెలను చూచినవారికి తెలియును. ఎవరి చిత్రమో, ఏనాటిదో చెప్పువారు లేక అవి చెత్తలో గలిసిపోవును. డొరోతియా యా ఫలకములను ఫ్రాన్సునకు తీసికొనిపోయి, ఒక్కొక్కదానిని పరీక్షించి, కొలిచి, లెక్కలువేసి, తేదీలతో వరుసలు కూర్చెను. ఈ పని యిరువదియైదేండ్లు సాగినది. రాబర్ట్సు పుట్టిన నూరేండ్లకు, 1929లో, ఆకాశమున నేబదిరెండు ప్రదేశముల చిత్రములతో భర్తపేర నొక పటసంపుటమును ఆమె ప్రకటించెను. ఫ్రాన్సువారు 1932లో బహుమానము నిచ్చియు, 1934లో గౌరవబిరుద మిచ్చియు నామెను సత్కరించిరి. 1942లో స్వస్థలమగు శాన్‌ఫ్రాన్సిస్కోలో నామె స్వర్గస్థురాలయ్యెను.

ఫలకముపై వెలుగు పడుట సగము పని. దానిని కాపాడి, పేరుపెట్టి, కొలిచి, చదువదగినదిగా జేయుట మిగిలిన సగము. ఆ రెండవ సగమునకు కీర్తి తక్కువ. ఓర్పు ఎక్కువ కావలెను.

మబ్బు కాదు, మరియొక పాలవెల్లి

ఆండ్రొమెడా స్వరూపమును తేల్చుటలో మరియొక స్త్రీ పరిశ్రమ మూలమైనది. అమెరికాలోని హార్వర్డు వేధశాలలో స్త్రీలు చాలమంది స్వల్పవేతనములకు గాజుఫలకములను పరీక్షించు పనిలో నుండిరి. వారిలో హెన్రియెట్టా లెవిట్ అను నామె, క్రమముగ ప్రకాశము పెరిగి తరుగు నొకజాతి నక్షత్రములను పరిశీలించి, వాని పెరుగు తరుగులకు పట్టుకాలమునుబట్టి నిజమైన ప్రకాశమును లెక్కింపవచ్చునని 1912లో స్థాపించెను. నిజమైన ప్రకాశము తెలిసినపుడు, మనకు కనబడు మసకతనమునుబట్టి దూరము తెలియును. దూరాన నున్న దీపము చిన్నదా పెద్దదా తెలిసినచో, అది యెంతదూరమున నున్నదో యూహింపవచ్చును గదా!

1923లో ఎడ్విన్ హబుల్ కాలిఫోర్నియాలోని విల్సను కొండపై నూరంగుళముల దూరదర్శినితో ఆండ్రొమెడాను ఛాయాచిత్రము దీయగా, అందు అట్టి నక్షత్ర మొకటి దొరికెను. లెవిట్ సూత్రముచే లెక్కింపగా, అది మన పాలవెల్లి యెల్లలకు మిక్కిలి యావల నున్నట్లు తేలినది. ముప్పదియైదేండ్లకు ముందు ఒక తోటలో ఫలకమునకు చిక్కినది మరియొక పాలవెల్లి యని అప్పుడు నిర్ధారణయైనది. లెవిట్ మాత్రము 1921లోనే కన్నుమూసెను. తన సూత్రము విశ్వపు సరిహద్దులను చెరిపిన దినమును చూడనోచుకొనలేదు.

నేటి పెరటిలో జరుగు పని

ఇక నేడు ఈ చిత్రముల నెట్లు తీయుదురో చూతము. గాజుఫలకములు పోయినవి. వాని స్థానమున కెమెరాలోని సెన్సరు వచ్చినది. అది ఫలకముకంటె నెన్నియో రెట్లు సున్నితము. రాబర్ట్సు 20 అంగుళముల దర్పణముతో గంటలకొలది కష్టపడి సాధించిన ఆండ్రొమెడా రూపమును నేడు మూడంగుళముల కటకము గల చిన్న దూరదర్శినితో పొందవచ్చును.

ఆండ్రొమెడా చిన్నదిగా నుండుటచే కనబడదని కొంద రనుకొందురు. ఆకాశమున దాని నిడివి ఆరు పూర్ణచంద్రబింబముల వరుస యంత. అది మసకగా నున్నదే గాని చిన్నది కాదు. కావున దానికి కావలసినది పెద్దదిగా జూపు యంత్రము కాదు. వెలుగును చక్కగ చేర్చు కటకము, దానిని కదలక మోయు పీఠము. ధనము వెచ్చింపదలచినవారు దూరదర్శినికంటె ముందు పీఠమునకే వెచ్చింపవలెనని అనుభవజ్ఞులు చెప్పుదురు. పీఠపు యిరుసును ఉత్తరధ్రువమువైపు గురిపెట్టవలెను. ధ్రువనక్షత్రము సరిగా ధ్రువస్థానమునందు లేదు. పూర్ణచంద్రబింబపు వెడల్పుకంటె కొంచె మెక్కువ దూరమున నున్నది. ఆ భేదమునుగూడ దిద్దుకొనవలెను.

పూర్వమువలె నేడు ఒక్క చిత్రమును గంటలకొలది తీయరు. ఒకటి రెండు నిమిషముల చిత్రములను నూరో, రెండునూర్లో తీసి, కంప్యూటరు సాయముతో ఒకదానిపై నొకటి పేర్తురు. విమానము పోయినను, గాలికి పీఠము కదలినను ఆ యొక్క చిత్రమునే తీసివేయవచ్చును, తక్కినవి దక్కును. అంతకంటె ముఖ్యమైన లాభము మరియొకటి. ప్రతి చిత్రమునందును కొంత వృథా గింజలు, మచ్చలు పడును. అవి యొక్కొక్కమారు ఒక్కొక్కచోట పడును. పాలవెల్లి మాత్రము ఎల్లప్పుడు నొకచోటనే యుండును. నాలుగు చిత్రములను పేర్చి సగటు తీసినచో గింజతనము సగమగును. నూరు పేర్చినచో పదవవంతగును. నిజమైనది నిలుచును, వట్టిది తరుగును.

చిత్రములతోబాటు మరి రెండు పనులు చేయవలెను. కటకమునకు మూతపెట్టి, అంతసేపే కొన్ని నల్లని చిత్రములు దీయుదురు. సెన్సరు వేడిచే గలుగు మచ్చలు వానిలో బయటపడును. వానిని అసలు చిత్రమునుండి తీసివేయవచ్చును. పిమ్మట దూరదర్శిని నోటికి ఉతికిన తెల్లని గుడ్డ ముడుతలు లేక కట్టి, తెల్లవారు వెలుగులో మరికొన్ని చిత్రములు తీయుదురు. కటకముపై దుమ్ము నీడలు, అంచుల చీకటి వీనివలన దెలియును. మార్గశిర మాసపు రాత్రులలో కటకముపై మంచు పేరుకొనును. గుడ్డతో తుడిచినచో గీతలు పడును గాన, కటకము చుట్టును వెచ్చని పట్టీని చుట్టి యుంచుదురు. చీకటిలో పురుగు పుట్రకు జాగ్రత్త అవసరము. దీపమునకు ఎఱ్ఱని కాగితము చుట్టినచో చీకటికి అలవాటుపడిన చూపు చెడదు. దూరదర్శినిని పగలు సూర్యునివైపు త్రిప్పరాదు; అది కంటిని శాశ్వతముగ చెరచును. పిల్లలున్న యింట ఈ మాటను మరువరాదు.

ఇప్పుడు తమంతట తామే ఆకాశమును గుర్తించి, చిత్రములు దీసి, పేర్చి, చేతిలోని ఫోనున జూపు చిన్నదూరదర్శినులు గూడ వచ్చినవి. అవి ప్రారంభకులకు సౌకర్యమే. కాని చిత్రములకు మెఱుగుపెట్టు కంప్యూటరు ఏర్పాటులలో కొన్ని, లేని వివరములను సయితము కల్పించి చేర్చును. అందమునకై అట్టివానిని వాడినచో చిత్రము బొమ్మయగును గాని సాక్ష్యము కాదు. రాబర్ట్సు ఫలకము నేటికిని విలువ గలిగియుండుటకు కారణము, అందున్నది ఆకాశమునుండి వచ్చినదే యగుట.

తెలుగుదేశపు ఆకాశము

ఇంటియొద్ద వేధశాలను కట్టుట మనవారికి క్రొత్త కాదు. విశాఖపట్టణమున గోడే వెంకట జగ్గారావుగారు 1840లో తమ సొంత వేధశాలను స్థాపించిరి. వారి యల్లుడు అంకితము వెంకట నరసింగరావుగారు దానిని పెంపొందించి, 1874లో శుక్రుడు సూర్యబింబమును దాటుటను పరిశీలించిరి. హైదరాబాదున నవాబు జఫర్ జంగు 1901లో 15 అంగుళముల దూరదర్శినిని తెప్పించి నెలకొల్పిన వేధశాలయే, ఆయన యనంతరము ప్రభుత్వము వశమై నిజామియా వేధశాల యనబరగినది. పారిసున డొరోతియా యే యాకాశపటమునకై ఫలకములు కొలిపించెనో, ఆ పటమునకే హైదరాబాదువారును ఫలకములు దీసిరి.

మన యాకాశమునకు ప్రత్యేకసౌకర్యములు కలవు. కార్తీక, మార్గశిర మాసముల సాయంకాలములందు పూర్వాభాద్ర, ఉత్తరాభాద్ర నక్షత్రములు నాలుగు మంచపుకోళ్ళవలె నడినెత్తికి వచ్చును. వాని యీశాన్యపు కోటినుండి యాండ్రొమెడా తావునకు పోవచ్చును. చైత్ర, వైశాఖ మాసములందు సప్తర్షులు ఉత్తరమున నెగసి యుందురు. మొదట జెప్పిన రెండు పాలవెల్లులను తీయుటకు అదియే తరుణము. ఆ మాసములందే చిత్తకు పడమరగా, నడుమ నల్లనిపట్టె గల టోపీవంటి యొక పాలవెల్లి చిక్కును. దానికిని చిత్తకును ఉత్తరమున వేయికి మించిన పాలవెల్లుల మహాసమూహ మొకటి కలదు. దక్షిణమున క్షితిజమునకు ముప్పది డిగ్రీల యెత్తువరకు వచ్చు సెంటారస్ నందలి పాలవెల్లిని ఇంగ్లండునందలి రాబర్ట్సు ఎన్నడును తీయజాలకుండెను. అది వారి క్షితిజమునకు పైకి రాదు. మనకు వచ్చును. దాని దూరము సుమారు 120 లక్షల కాంతిసంవత్సరములు.

ఇన్ని యుండియు మనకు కొఱత యొకటి పెరుగుచున్నది. అది చీకటి. వీథిదీపములు, దుకాణముల వెలుగుపలకలు, రాత్రియంతయు వెలుగు డాబాదీపములు ఆకాశమునకు సున్నము కొట్టినట్లు చేయుచున్నవి. తాతమ్మలు వాకిట మంచము వేసికొని చూచిన పాలవెల్లి, పట్టణములలోని మనుమరాండ్రకు మాటమాత్రమైనది. 25 లక్షల యేండ్లు నడచివచ్చిన వెలుగు చిట్టచివరి క్షణమున ఎదురింటి దీపమున మునిగిపోవుచున్నది. ఈ నష్టము మాన్పరానిది కాదు. దీపమునకు నేలవైపు వెలుగు పడునట్లు కప్పు అమర్చుట, అక్కఱలేనప్పుడు ఆర్పుట చాలును. మసి తుడువవలసిన పనిలేదు. చీకటి తిరిగి వచ్చును.

వేడుకయా, విద్యయా?

పెద్ద వేధశాలలు పనిచేయుచుండగా పెరటివారి చిత్రములవలన లోకమునకు ప్రయోజన మేమని కొందరడుగవచ్చును. ఉదాహరణములు చూడుడు.

అర్జెంటీనాదేశపు రొసారియో నగరమున విక్టర్ బూసో యను తాళములు చేయువాడొకడు తన యింటి మేడమీద దూరదర్శిని నుంచుకొనెను. 2016 సెప్టెంబరు 20వ తేదీ రాత్రి క్రొత్త కెమెరాను పరీక్షించుటకై దూరపు పాలవెల్లి నొకదానిని వరుసగా చిత్రించుచుండెను. నగరపు వెలుగునకు భయపడి ఒక్కొక్క చిత్రమును కొలది సెకండ్లే తీసెను. ఆ వరుసలో, మొదట లేని చుక్క యొకటి పుట్టి పెరుగుట కనబడినది. అది యొక మహానక్షత్రము ప్రేలిన తొలిక్షణము. అట్టి క్షణము నంతకుముందు ఎవ్వరును అట్లు చిత్రించి యుండలేదు. శాస్త్రజ్ఞులు దానిని పరిశోధించి 2018లో ప్రసిద్ధపత్రికయగు నేచర్‌నందు ప్రకటించిరి.

2008లో అమెరికాలో కారొలిన్ మూర్ అను పదునాలుగేండ్ల బాలిక పాలవెల్లుల చిత్రములను పోల్చిచూచుచు నట్టి నక్షత్రవిస్ఫోటము నొకదానిని కనిపెట్టెను. 2023 మే 19వ తేదీన జపానుదేశపు ఔత్సాహికుడు కోయిచి ఇతగాకి, మన వసిష్ఠునకు సమీపమున నున్న పాలవెల్లిలోనే మరియొక విస్ఫోటమును కనుగొనెను. లోకమున నెక్కువమంది చిత్రించిన పాలవెల్లి యాండ్రొమెడా. అందు క్రొత్త యేమియు మిగులలేదని యందరును తలంచిరి. 2022లో ముగ్గురు ఔత్సాహికులు ఫ్రాన్సులోని పలుతావులనుండి నూరుగంటలకు మించి వెలుగును పోగుచేయగా, ఆ పాలవెల్లి ప్రక్కనే అంతవరకు నెవరికిని గనబడని నీలిహరితపు విల్లొకటి బయటపడినది. అది యాండ్రొమెడాకు చేరువదా, నడుమ మన పాలవెల్లిలోనిదా యను విషయమై పండితులలో చర్చ పుట్టినది. పెద్దయంత్రములకు దొరకనిది వీరికి దొరకుటకు కారణ మొక్కటే: ఒకే తావుపై అన్నిరాత్రులు నిలుచు తీరిక యచ్చటి వారికి లేదు, పెరటివారికి కలదు.

మన సోదరీమణులు దూరదర్శిని కొనుటతో మొదలుపెట్టవలెనని మేము చెప్పము. ముందుగా నెల కొక అమావాస్యనాడు డాబాదీప మార్పి, పావుగంటసేపు చీకటికి కన్ను అలవడనిచ్చి, పంచాంగమున చదివిన నక్షత్రములను పిల్లలకు జూపుడు. పిమ్మట రెండుకండ్ల దూరదర్శినిచే నాండ్రొమెడాను వెదకుడు. ఆపైన శ్రద్ధ నిలిచినచో, పాఠశాలలోనో, సంఘమునందో పదిమంది కలిసి యొక చిన్నయంత్రమును కొనుట కష్టముకాదు. తీసిన ప్రతి చిత్రముమీదను తేదీ, వేళ, ఊరు, ఎంతసేపు తీసినది వ్రాసి పుస్తకమున నెక్కింపుడు. తేదీ లేని చిత్రము గోడకు అలంకారము. తేదీ గలది రేపటివారికి సాక్ష్యము. ఇంటి జమాఖర్చుల పద్దులను తప్పక వ్రాయు చేతులకు ఈ పుస్తకమును నడుపుట పెద్దపని కానేరదు.